పత్మాసు ద్వీపమును మన పాపికొండలును

చరిత్ర చూడగోరువారు, కొండలు కోనలు చూడగోరువారు, సముద్రపు టిసుకలో నాలుగు దినములు విశ్రమింపగోరువారు తమ మూడు కోరికలును ఒక్కచోటనే తీరునని గ్రీసుదేశపు ద్వీపములకు పోవుచున్నారు. మన తెలుగువారిలో కూడ అట్టివారు నానాటికి హెచ్చుచున్నారు. ఆ దీవుల పేర్లు మన విద్యార్థులకు క్రొత్తవి కావు. భూగోళ పటము విప్పకమునుపే వారు వానిని వేదపాఠములో వినియుందురు. క్రేతు, కోసు, రొదు అనునవి పౌలుగారి ఓడ ప్రయాణములలో వచ్చిన పేర్లు. పత్మాసు పేరు ప్రకటన గ్రంథపు మొదటి అధ్యాయముననే కలదు. విన్న పేరుగల చోటును కన్నులార చూడగోరుట మంచి కోరికయే. దానిని మేము కాదనము. అయినను గోదావరి నీరు త్రాగి పెరిగిన మన పిల్లలలో ఎందరు పాపికొండలను చూచిరి? దుమ్ముగూడెపు లాకులమీద నిలిచి, ఇవి ఎవరు కట్టిరి, ఎందుకు కట్టిరి అని ఎందరు అడిగిరి? అడుగుటకు ఇక చాల కాలము మిగిలి యుండకపోవచ్చునని తోచుటచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట రెండు గ్రీకు దీవుల సంగతి చెప్పెదము. పత్మాసు మిక్కిలి చిన్నది. దాని వైశాల్యము ఇంచుమించుగా 34 చదరపు కిలోమీటర్లు. 1088లో క్రిస్టొడూలసు అను సన్న్యాసి అక్కడి కొండమీద కోటవంటి మఠమును స్థాపించెను. ఆ మఠమున నేటికిని సన్న్యాసులున్నారు. ప్రాచీనమైన వ్రాతప్రతులు భద్రముగా నున్నవి. మఠము చుట్టును ఊరున్నది, రేవున్నది, పిల్లలున్నారు. చూడవచ్చినవారు ఉదయము యోహానుగారి గుహను చూచి, సాయంకాలము ఇసుకతీరమున స్నానమాడి, ఆ యూరనే అద్దె యిచ్చి పండుకొందురు. దీవి కథ చెప్పుటకు దీవివారే కలరు.

రెండవది డీలోసు. అపొల్లో దేవుడు అక్కడ పుట్టెనని గ్రీకుల పురాణము. క్రీ. పూ. 426లో ఏథెన్సువారు ఆ దీవిలోని సమాధులను త్రవ్వి తీసివేయించి, ఇకమీదట అక్కడ ఎవ్వరును పుట్టరాదు, ఎవ్వరును చావరాదు అని శాసించిరి. తరువాత వర్తకముచేత అది గొప్ప పట్టణమయ్యెను గాని, యుద్ధములచేతను ఓడదొంగలచేతను పాడుపడెను. నేడు కావలివారును త్రవ్వకముల పండితులును తప్ప అక్కడ కాపురస్థులు లేరు. చూడగోరువారు ప్రక్కనున్న మికొనోసు దీవినుండి పడవమీద పోయి, పాలరాతి సింహములను, విరిగిన స్తంభములను చూచి, ఆ దినముననే మరలి రావలెను. రాత్రి యుండుటకు సెలవు లేదు. రాళ్లు అన్నియు నున్నవి గాని, ఇది మా తాత కట్టిన యిల్లు అని చెప్పువాడు ఒక్కడును లేడు.

మన గోదావరి దీవి కాదు గదా, ఈ పోలిక యేల అని చదువరులు అడుగవచ్చును. పోచవరపు రేవు దాటి లాంచీ క్రిందికి సాగినపిమ్మట రెండు ప్రక్కలను కొండగోడలు, నడుమ నీరు. అక్కడి కొన్ని ఊళ్లకు పడవయే దారి, రేవే అంగడి. బియ్యమైనను ఉప్పయినను రోగియైనను పడవమీదనే రాకపోకలు. దీవిలోని బ్రదుకు ఇంతకంటె వేరుగా నుండునా? ఆ యిరుకు ముందుముందు పత్మాసు కానున్నదా, డీలోసు కానున్నదా అనునదే మా విచారము.

ఇక చరిత్ర. కంచెర్ల గోపన్నగారు పదునేడవ శతాబ్దమున భద్రాద్రి ఆలయము కట్టించుటయు, గోలకొండ చెరసాలలో నుండుటయు పాలుత్రాగు బిడ్డలకు కూడ తెలియును గనుక వదలెదము. పర్ణశాలయు అందరును చూచినదే. ఆ దాపుననే యున్నను ఎవ్వరును ఆగి చూడనిది దుమ్ముగూడెము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినపిమ్మట సర్ ఆర్థరు కాటన్ దొరగారి చూపు ఎగువ గోదావరిమీద నిలిచెను. బీరారు, నాగపూరు సీమల ప్రత్తిని పడవలలో నింపి నదివెంట సముద్రమునకు దింపవలెనని ఆలోచన. అందుకు నదిలో మూడు చోట్ల రాతిబండలు అడ్డము. మొదటి అడ్డము దుమ్ముగూడెమువద్దనే. అక్కడ ఆనకట్టయు, దాని ప్రక్కను కాలువయు, లాకులును కట్టిరి. లాకు అనగా రెండు తలుపులుగల నీటిగది. ఎగువకు పోవలసిన పడవ గదిలోనికి రాగానే క్రింది తలుపు మూసి, పైనుండి నీరు వదలుదురు. నీటితో పడవయు మెల్లగా లేచును. పై మట్టమును అందుకొనగానే పై తలుపు తెరతురు. తోయువారు లేరు, లాగువారు లేరు, నీరే పడవను మెట్టెక్కించును. మా యభిప్రాయమున భౌతికశాస్త్రపు పాఠము ఒకటి అక్కడ గట్టుమీద చెప్పినచో పుస్తకములో మూడు దినములు చెప్పినదానికంటె బాగుగా పట్టుబడును.

ఆ పనిని నడపినవారిలో ముఖ్యులు కాప్టెను హేగుగారు. మన్యపు జ్వరములు పనివారిని పీడించెను. సొమ్ము నీళ్లవలె వ్యయమయ్యెను. ఇంతలో 1867లో బొంబాయినుండి రైలు నాగపూరు చేరెను. ప్రత్తి రైలెక్కి పడమటికి పోయెను. 1871లో దొరతనమువారు ఎగువ గోదావరి పనిని ఆపివేసిరి. ఇంత గొప్ప యత్నము విఫలమైన చోటు గనుక చూడనక్కరలేదని కొందరనవచ్చును. విఫలమైనది గనుకనే చూడవలెనని మేమందుము. ఫలించిన పనుల కథలు పాఠ్యపుస్తకములలో ఎట్లును ఉండును.

హేగుగారి ప్రయత్నముచేతనే దుమ్ముగూడెమున కోయ మిషను ఆరంభమయ్యెను. అక్కడ పనిచేసిన రెవరెండు జాన్ కెయిన్ గారు 1876 మొదలుకొని ఇండియన్ యాంటిక్వరీ అను పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చియు, కోయవారి ఆచారములను గూర్చియు వ్రాసిరి. పిమ్మట 1945లో ఫ్యూరర్ హైమెండార్ఫు అను పండితుడు ఈ కొండలలోని రెడ్లను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. ఇద్దరును పరదేశస్థులే. వారి శ్రమను తక్కువ చేయము. కాని కోయ పిల్లలును కొండరెడ్డి పిల్లలును బడిలో కూర్చుండి చదువుచున్న ఈ దినములలో వారి ఊరి సంగతి వారే వ్రాయవలదా?

ఈ సరిహద్దు సీమకు మరియొక వింత చరిత్ర కలదు. 1874కు పూర్వము ఇది మధ్యపరగణాలలోనిది. అటుపిమ్మట మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మొదలైన మండలములు ఆంధ్రప్రదేశములో కలిసి తూర్పుగోదావరికి పోయెను. 2022లో ఆ మూడును అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. కూనవరమున ఒక ముసలివాడు తన అరుగుమీదినుండి కదలకుండనే ఇన్ని జిల్లాలవాడయ్యెను. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణములోనే నిలిచి, 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఆలయమొక రాష్ట్రము, దాని చుట్టుప్రక్కల ఊళ్లు కొన్ని మరియొక రాష్ట్రము!

ప్రకృతిని గూర్చి వర్ణనలు చేయుట మా పని కాదు. చూచినవారికి అక్కరలేదు, చూడనివారికి చాలదు. కూనవరమువద్ద శబరి వచ్చి గోదావరిలో కలియును. అక్కడినుండి నది వెడల్పు తగ్గుచు కొండలలో దూరును. నదిచేత కొండలు తలమీది పాపిటవలె చీలినట్లుండుటచే ఆ పేరు కలిగెనని పెద్దలు చెప్పుదురు. 2008లో ప్రభుత్వమువారు 1,012 చదరపు కిలోమీటర్ల అడవిని పాపికొండల జాతీయవనముగా ప్రకటించిరి. టేకు, మద్ది, వెదురు, ఇప్ప, తునికి అందులో విరివిగా నున్నవి. అడవిదున్నయు చిరుతయు అక్కడ తిరుగును. పేరంటపల్లివద్ద కొండవాగు చల్లగా దిగును. బాలానందస్వామి అను సన్న్యాసి అక్కడ ఆశ్రమము నేర్పరచుకొని కొండరెడ్ల నడుమ బ్రదికిరి. అక్కడి స్త్రీలు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముదురు. వానికి బేరమాడువారిని చూచిన మాకు కష్టముగా తోచును. లాంచీలో కూర్చుండి ఎక్కువ వెలకు చిరుతిండ్లు కొనునప్పుడు వీరి నోట బేరము రాదు గదా.

సముద్రతీరము మనకు లేదను కొరతను కొల్లూరు ఇసుకతిన్నెలు తీర్చును. నీరు తగ్గిన శీతకాలమున ఆ తెల్లని ఇసుకయు, యాత్రికులకై అక్కడ వేసిన వెదురు గుడిసెలును ఏ దీవికిని తీసిపోవు. కాని గోదావరి ఇసుక నమ్మరానిది. పైకి మోకాలిలోతు కనబడును, అడుగు వేయగానే గట్టు జారును, ప్రక్కనే సుడి యుండును. ఈత వచ్చునను పిల్లవానికే ప్రమాదము హెచ్చు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద, నది పొంగియున్న వేళ, విహారపు పడవ మునిగి నలువదిమందికి పైగా మరణించిరి. ఆ దినమును తలచుకొని తల్లిదండ్రులు బిడ్డలను పంపుటకు జంకుట న్యాయమే. మేము వారితో వాదింపము. వరదకాలమున ఎవ్వరును పోరాదు. లైఫ్ జాకెట్టు తొడుగుకొననివానిని పడవ ఎక్కనీయరాదు. పడవలో ఎక్కినవారిని లెక్కించి, పరిమితి మించినచో దిగి రావలెను. ఉపాధ్యాయుడు ఈ మాటలు రేవులో గట్టిగా చెప్పగలవాడై యుండవలెను. లేనిచో ప్రయాణమే వద్దు. ఈ నియమములు పాటించినయెడల శీతకాలపు ప్రయాణమునకు భయపడనక్కరలేదు.

తొందర యేమని అడుగుదురేమో. పోలవరమువద్ద కట్టబడుచున్న ఆనకట్ట నిండు నీటిమట్టము సముద్రమట్టమునకు పైన 45.72 మీటర్లుగా నిర్ణయింపబడినది. ఆ మట్టమునకు నీరు నిలిచిననాడు ఈ యిరుకులోని అనేక గ్రామములు మునుగును. ఇప్పటికే దేవీపట్నము వైపున ఎన్నో ఊళ్లు ఖాళీయైనవి. వరద మనవారికి క్రొత్త గాదు. భద్రాచలమువద్ద 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు నీరు వచ్చెను. జనులు గుట్టలెక్కిరి, నీరు తీసినపిమ్మట దిగివచ్చి గోడలు కడుగుకొని కాపురము చేసిరి. వరదనీరు వచ్చును, పోవును. నిండు మట్టమున నిలిచిన జలాశయపు నీటివెనుక ఎవ్వరును దిగిరాలేరు. దిగువనున్న పొలములకు నీరు కావలెననుటను మేము కాదనుట లేదు. ఆ వివాదము పాఠశాల పత్రికకు తగినదియు గాదు. నష్టపరిహారము లెక్కలు చూచుటకు అధికారులున్నారు. అయితే ఊరు లేచిపోవునప్పుడు లెక్కకురాని వస్తువులు కొన్ని పోవును. ఈ బండ పేరేమి, ఈ సుడి పేరేమి, ఏ చేప ఏ నెలలో ఎక్కివచ్చును, ఏ చెట్టుక్రింద గ్రామదేవత కొలువు, ఏ రేవులో ఎవరి తాత పడవ నడిపెను అనునవి ఏ అధికారి పుస్తకములోను ఉండవు. కొత్త కాలనీలో పుట్టిన బిడ్డకు వానితో పనియు నుండదు. పదేండ్లలో మరపునకు వచ్చును. డీలోసులో నోరులేని రాళ్లయినను నిలిచినవి. మనకు నీటి అడుగున అవియు కనబడవు.

కావున ఏటేట విద్యార్థులను దూరపు పట్టణములకు కొనిపోవు విహారయాత్రను ఒక్క సంవత్సరము ఈ నదికి మార్చవలెనని మేము కోరుచున్నాము. ఒక దినము దుమ్ముగూడెము, పర్ణశాల. రెండవ దినము పోచవరమునుండి లాంచీమీద పేరంటపల్లి, పాపికొండలు. వెళ్లినవారు ఫోటోలకొరకు ఇండ్లలోనికి తొంగిచూడరాదు. కొండరెడ్లు మనకు చూపుడు బొమ్మలు కారు, మనము వారి యింటికి పోయిన చుట్టములము. తిన్న విస్తళ్లును ప్లాస్టిక్ సీసాలును తిరిగి లాంచీలోనికే రావలెను.

అంతకంటె ముఖ్యమైన పని వసతిగృహములోని పిల్లలది. చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము ప్రాంతములనుండి వచ్చినవారు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వతాతలను అడిగి తమ యూరి వాగుల పేర్లు, గుట్టల పేర్లు, చేపల పేర్లు వ్రాసికొని రావలెను. కోయమాటను కోయమాటగానే తెలుగు లిపిలో వ్రాయవచ్చును, దానిని దిద్దవలదు. ఒక్కొక్క పేరు ఎదుట చెప్పినవారి ఊరును, చెప్పిన తేదీయు ఉండవలెను. వచ్చు సంచికలో కథలకును పద్యములకును ఇచ్చు పుటలలో కొన్ని వీనికి కేటాయించిన బాగుండును. పడవలో కూర్చుండి వ్రాయువారు సిరాతో గాక పెన్సిలుతో వ్రాయుట మేలు. నీళ్లు చిందినను చెరగదు.