పెద్దల దగ్గరికి ఫోన్‌తో కాదు, పనికి వెళ్దాం

పోస్ట్ కొంచెం పెద్దదే. పరీక్షల్లో ఉన్నవాళ్ళు దాచుకుని తర్వాత చదవండి, కానీ చదవండి.

ప్రతి ఆగస్టు 9న మనం ఏం చేస్తున్నాం? ర్యాలీ, డప్పు, డాన్సు, స్టేజీ మీద ఒక పెద్దాయనకి శాలువా, ఫోటో. మళ్ళీ ఏడాదికి గానీ ఆయన గుర్తుకురాడు. కొంతమందిమి ఇంకో అడుగు వేసి ఆయన మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తాం. ఆ వీడియో ఎవరి ఫోన్‌లోనో పడి ఉంటుంది. ఆయనకి తెలిసిన విద్య మాత్రం మనలో ఒక్కరికీ రాదు. దీని గురించి మేం కొంతమందిమి చాలా రోజులుగా మాట్లాడుకుంటున్నాం. పసిఫిక్ సముద్రంలో మనలాంటి మూలవాసులు ఇదే బాధ పడి ఒక దారి వెతుక్కున్నారు. ముందు వాళ్ళ సంగతి చెప్తాం.

హవాయి దీవుల్లో 1893లో రాణిని గద్దె దించారు. 1896 చట్టంతో బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష అయ్యింది. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. ఆ జనం పూర్వీకులు దిక్సూచి లేకుండా, చుక్కల్ని, అలల్ని, పక్షుల్ని చూసుకుంటూ వేల కిలోమీటర్లు పడవ నడిపినవాళ్ళు. 1970ల నాటికి ఆ విద్య తెలిసిన మనిషి హవాయిలో ఒక్కడూ మిగల్లేదు. వాళ్ళ పెద్దలు దారి తెలిసి రాలేదని, గాలివాటానికి కొట్టుకొచ్చారని రాసిన పండితులు కూడా ఉన్నారు.

1973లో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ అనే సంఘం పెట్టారు. 1975లో 'హోకులేయా' అనే జంట పడవని నీళ్ళలోకి దించారు. ఆ పేరుకి ఆనందపు చుక్క అని అర్థం. అది మన స్వాతి నక్షత్రమే, స్వాతి కార్తె అని మన ఇళ్ళల్లో వినేది దాని పేరే. పడవ పొడవు సుమారు 62 అడుగులు, ఇంజను లేదు. రెండు పడవల్నీ కలిపే అడ్డదూలాలు తాళ్ళతో కట్టినవే. పడవైతే తయారైంది, దారి చూపేదెవరు? మైక్రొనేషియాలో సతవాల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియాయిలుగ్ అనే ఆయన్ని పిలిపించుకున్నారు. ఆయనకి తాత నేర్పాడు. 1976 మే నెలలో బయలుదేరి, ఏ పరికరమూ లేకుండా, నెల పైచిలుకులో 4,000 కిలోమీటర్ల దూరంలోని తహితి చేరారు. ఒడ్డున వేలమంది జనం.

మాకు పట్టుకున్న విషయం ఆ పడవ మీద బతుకు. అక్కడ పనిచేసేవాళ్ళు జీతానికి రాలేదు, అందరూ వాలంటీర్లే. టీచర్లు, డాక్టర్లు, ఫైర్ సర్వీసు వాళ్ళు సెలవు పెట్టుకుని వస్తారు. బయలుదేరకముందే నెలల తరబడి ఒడ్డున పని: చెక్క గీకాలి, తాళ్ళు బిగించాలి, రంగులెయ్యాలి. సముద్రం మీద గదులుండవు. కాన్వాసు గుడ్డ కప్పుకింద ఇరుకు సందులో పడుకోవాలి, పక్క తడిసే ఉంటుంది. స్నానం ఉప్పునీటితోనే. రాత్రీ పగలూ వంతులు. వంతు వచ్చినోళ్ళు పెద్ద తెడ్డు పట్టాలి, తెరచాప సర్దాలి, పడవలోకొచ్చిన నీళ్ళు తోడిపొయ్యాలి, వండాలి. దారి చూపే మనిషి దాదాపు నిద్రపోడు. ఎంత దూరం వచ్చాం, ఏ దిక్కుకి జరిగాం అన్నదంతా మనసులోనే లెక్క. మిగతావాళ్ళు చాకిరీ చేస్తేనే ఆయన కళ్ళు ఆకాశం మీద నిలుస్తాయి. ఆ చాకిరీ చేస్తూ ఆయన పక్కన ఉన్నవాళ్ళకే విద్య అబ్బుతుంది.

అంతా బాగా జరిగిందని చెప్పం. ఆ మొదటి ప్రయాణంలోనే మనుషుల మధ్య గొడవలొచ్చాయి, కొట్టుకునేదాకా వెళ్ళింది. మౌ విసిగిపోయి తిరుగు ప్రయాణానికి ఉండకుండా తన దీవికి వెళ్ళిపోయాడు. 1978లో ఆయన లేకుండా బయలుదేరారు. మొదటి రాత్రే పడవ బోల్తా పడింది. ఎడ్డీ ఐకావు అనే లైఫ్‌గార్డు సహాయం తెస్తానని సర్ఫ్‌బోర్డు మీద వెళ్ళాడు, మళ్ళీ కనబడలేదు. మిగతావాళ్ళు బతికారు. మన సంఘాల్లో తెగల పేరుతో, పదవుల పేరుతో జరిగే తగాదాలు తలుచుకుంటే మాకు ఇదే గుర్తొస్తుంది. మనం కొట్టుకుంటుంటే పెద్దవాళ్ళు చెప్పడం మానేసి లేచి వెళ్ళిపోతారు.

ఆ తర్వాత నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడు మౌని వెతుక్కుంటూ వెళ్ళి నేర్పమని అడిగాడు. మౌ ఒప్పుకున్నాడు. బయటివాళ్ళకి నేర్పుతున్నాడని సొంతవాళ్ళు కొందరు తప్పుపట్టారు కూడా. కానీ తన దీవి పిల్లలు నేర్చుకోవడానికి రావట్లేదు, తనతోపాటే విద్య పోతుందని ఆయన భయం. 1980లో నైనోవా పరికరాలు లేకుండా తహితికి వెళ్ళి తిరిగొచ్చాడు. 2014 నుంచి 2017 దాకా అదే పడవ ప్రపంచం చుట్టి వచ్చింది. రెండు వందల మందికి పైగా వాలంటీర్లు విడతలవారీగా మారుతూ నడిపారు. మౌ 2010లోనే చనిపోయాడు, ఆయన విద్య మాత్రం ఆ పడవ మీద ఉంది.

ఇక మా అభిప్రాయం. మన పెద్దల్లో గొర్రుకొయ్యల్ని, పిల్లలకోడిని చూసి రాత్రి ఎంతయిందో చెప్పేవాళ్ళున్నారు. చేదుదుంప విషం తీసే పద్ధతి, జీలుగు చెట్టు గీసే అదను తెలిసినవాళ్ళున్నారు. ఇవేవీ ఇంటర్వ్యూలో రావు. తెల్లారకముందే లేచి వాళ్ళ వెంట నడవాలి, దుంప తవ్వాలి, బుట్ట మొయ్యాలి. మనం పెద్దల ముందు ప్రేక్షకుల్లా కూర్చోవడం మానాలి. ఆ పడవ మీదివాళ్ళలా చేతులు కలపాలి.

'మరి గ్రూప్స్, టెట్, డీఎస్సీ సంగతేంటి, ఊరికే చేస్తే కడుపు నిండుతుందా' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనలో చాలామందికి ఊరెళ్ళే బస్సు ఛార్జీ కూడా భారమే. హవాయి వాళ్ళు కూడా ఉద్యోగాలు మానెయ్యలేదు, వంతులు వేసుకున్నారు. మనమూ వంతులే వేసుకుందాం. ఒక పెద్దాయనకో పెద్దమ్మకో నలుగురం. సెలవుల్లో ఒక్కొక్కరం పదేసి రోజులు. ఒకరు నేర్చుకున్నది తర్వాత వచ్చేవాళ్ళకి చెప్పాలి. తిండి మన ఇళ్ళనుంచే. పెద్దలకి మాత్రం ఆ రోజుల కూలి అందరం చందా వేసి ఇవ్వాలి. మన చాకిరీ ఉచితం కావచ్చు, వాళ్ళ విద్య ఉచితం కాకూడదు.

ఈ వేసవికి మేం నలుగురం పేర్లు రాసుకున్నాం. మీ గూడెంలో ఎవరి దగ్గర ఏ విద్య ఉందో, ఎవరు వెళ్తారో కింద రాయండి. లైకులు వద్దు, పేర్లు కావాలి. పెద్దలు ఉన్నప్పుడే వెళ్దాం.