మోదుగ గింజ ఎవరి పేరు మీద రాయాలె?

మేడ్చల్, శామీర్‌పేట తండాల్లో వానలు పడ్డ నెలకే మేకలు చిక్కిపోతయ్. దవడ కింద నీరు దిగుతది, కంటి లోపలి ఎరుపు పోయి తెల్లబడతది. కడుపుల నట్టలు రక్తం తాగుతున్నయన్నట్టు.

సర్కారు పోయించే నట్టల మందు వద్దని ఎవరూ అనొద్దు. కానీ ఒకటే మందు, అందాజగా, మళ్ల మళ్ల పోస్తే నట్టలు దానికి లొంగవు. ఆల్బెండజోల్‌కు లొంగని నట్టలు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నయ్. అందుకే పరిశోధకులు మళ్లీ చెట్ల దిక్కు చూస్తున్నరు. మన పెద్దోళ్లు మోదుగ గింజల పొట్టు తీసి, నూరి, మజ్జిగల కలిపి పోసేవాళ్లు. ఆ గింజల పలాసోనిన్ అనే పదార్థం ఉంది, నట్టల మీద పనిచేసేది అదే. మోతాదు మించితే జీవానికే ముప్పు, చూడి మేకకు అసలే పోయొద్దు. కాబట్టి తమ్ముళ్లూ, ఫోన్ల చూసి ప్రయోగాలు చేయకండి. తెలిసిన అవ్వను అడగండి, పశువుల డాక్టర్‌నూ అడగండి.

అసలు కొట్లాట వేరే ఉంది. ఇదే శామీర్‌పేటల 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ ఉంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మందు చేసేటోళ్లూ, చట్టం చదివేటోళ్లూ తండాకు కూతవేటు దూరంలనే ఉన్నరు. అవ్వకు తెలిసిన విద్య మాత్రం ఏ కాయితంలో లేదు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జ్ఞానంతో వ్యాపారం చేస్తే మనకు వాటా ఇయ్యాలె. 2023 సవరణ, గ్రంథాలకెక్కిన జ్ఞానాన్ని వాడుకునే దేశీయ కంపెనీలకు ఆ బాధ్యత తీసేసింది. మోదుగ గింజ క్రిములకు మందని ఆయుర్వేద గ్రంథాల్లో ఉండనే ఉంది! ఇగ మనకు మిగిలింది నోటి విద్య: ఏ కాలం గింజ, ఎంత, దేనితో, ఏ జీవానికి. అది మనదని చూపాలంటే రుజువు కావాలె. వేప మీద 1994లో యూరప్ ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది, మన రైతులు ముందునుంచే వాడుతున్నరన్న సాక్ష్యంతోనే. దాని మీద అప్పీలు తేలేసరికి 2005 వచ్చింది.

చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ, ప్రజా రిజిస్టర్ ఉండాలె. ప్లాట్ల కింద మోదుగ చెట్లు పోతున్నయ్, అవ్వలూ పోతున్నరు. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా, పోయి రిజిస్టర్ చూపమనండి. దాచమన్నది దాచి, చెప్పినోళ్ల పేరు పెట్టి రాయమనండి. మా తండా ఏ పేజీల ఉందో చూపించమనండి.