అనాథకు కావలసినది ఆశ్రమమా, ఇల్లా?

పెంపకము అను మాటకు మన నాట గొప్ప గౌరవము కలదు. దేవకి కన్న బిడ్డ యశోద ఒడిలో పెరిగెను. శకుంతల కణ్వుని ఆశ్రమమున పెరిగెను. రాధ పెంచిన కర్ణుడు కడదాక రాధేయుడనియే పేరొందెను. ఇస్లాం చరిత్రయు ఇట్టి పెంపకముతోనే ఆరంభమగుచున్నది. ముహమ్మద్ ప్రవక్త (స) జన్మింపకముందే తండ్రి గతించెను. హలీమా అను ఎడారి స్త్రీ పాలిచ్చి పెంచెను. ఆరవ యేట తల్లి ఆమినా మరణింపగా తాత అబ్దుల్ ముత్తలిబు, ఆయన తరువాత తండ్రి సోదరుడు అబూతాలిబు సాకిరి. యతీము బ్రతుకు ఎట్టిదో స్వయముగా ఎరిగిన ప్రవక్త, అనాథను పోషించువాడు స్వర్గమున తన చెంతనే ఉండునని రెండు వ్రేళ్లు చూపి తెలిపిరని హదీసు చెప్పుచున్నది.

ఇంతటి వారసత్వము గల మనము నేడు చేయుచున్నదేమి? అనాథ అనగానే ఇంటి తలుపు తెరువక జేబు తెరచి ఊరకుండుచున్నాము. జకాత్‌లో కొంత యతీంఖానాకు పంపి, రంజాను మాసమున ఒక పూట భోజనము పెట్టించి, బాధ్యత తీరినదని తలచుచున్నాము. ఈ దానమును మేము తక్కువ చేయుట లేదు. హైదరాబాదు నాంపల్లిలోని అనీసుల్ గుర్బా, విజయవాడలో వీధిబాలల కొరకు 1989లో వెలసిన నవజీవన్ బాలభవన్ వంటి సంస్థలు లేకున్న ఎందరు పిల్లలు ఏమైపోయెడివారో! అయినను ఆశ్రమము ఎంత చక్కగా నడిచినను ఇల్లు కాజాలదు. అచ్చట వార్డెన్లు మారుచుందురు, వంటవారు మారుచుందురు. జ్వరము వచ్చిన రాత్రి నుదుట చేయి వేసి చూచువారు, మరునాడు బడి సంగతి అడుగువారు, పదేండ్ల తరువాత పెండ్లి మాట తలపెట్టువారు ఒక్కరే అయినప్పుడు గదా అది ఇల్లగును!

మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము మెట్టసీమ. ప్రత్తి, మిరప చేలలోని కూలిపై, సిమెంటు కర్మాగారములపై బ్రతుకు కుటుంబములు ఎన్నియో. ఇట్టి ఇంట సంపాదించు మనిషి పోయినచో బిడ్డలు ఒక్క దినములో దిక్కులేనివారగుదురు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడును, 2021లో కోవిడ్ విజృంభించినప్పుడును ఇదియే జరిగెను. కోవిడ్ వలన తలిదండ్రులిద్దరిని కోల్పోయిన పిల్లల పేర పది లక్షల రూపాయల డిపాజిటు వేయుటకు మన రాష్ట్ర ప్రభుత్వము 2021లో నిర్ణయించెను. మంచి పని. కాని డిపాజిటు వడ్డీ తెచ్చును గాని, బడి నుండి వచ్చిన బిడ్డకు ఎదురు రాజాలదు.

ఇందులకు చట్టము ఒక మార్గము చూపినది. 2015 నాటి బాల న్యాయ చట్టము 44వ సెక్షను పోషక సంరక్షణను, అనగా ఫోస్టర్ కేర్‌ను, ఏర్పరచినది. బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుపై, తగినదని గుర్తింపబడిన కుటుంబమునకు బిడ్డను కొంతకాలమునకో, దీర్ఘకాలమునకో అప్పగింతురు. చదువు, ఆరోగ్యము, ఆహారము ఆ కుటుంబపు బాధ్యత. తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయరాదు. మిషన్ వాత్సల్య పథకము క్రింద ఒక్కొక్క బిడ్డకు నెలకు 4000 రూపాయల సహాయము కలదు. 2024లో సవరించిన మార్గదర్శకములు ఒంటరి స్త్రీ పురుషులకును అవకాశమిచ్చినవి.

ఇది దత్తత కాదు. బిడ్డ ఇంటిపేరు మారదు; వారసత్వము మారదు. కన్నవారు ఉన్నచో వచ్చి చూచుకొనవచ్చును. వారి స్థితి చక్కబడినచో బిడ్డ వారి కడకే పోవచ్చును. ముస్లిం సోదరులు ఈ సంగతిని నిదానముగా ఆలోచింపవలెను. ప్రవక్త పెంచుకొన్న జైదును జనులు ముహమ్మదు కుమారుడని పిలుచుచుండగా, పెంపుడు బిడ్డలను కన్నతండ్రుల పేరనే పిలువవలెనని ఖురాన్ అహ్జాబ్ అధ్యాయము ఆదేశించెను. ఇంతమాత్రము విని మనలో పలువురు మన మతమున పెంపకమే లేదని తేల్చివేయుచున్నారు. నిషేధము పుట్టుక మరుగుపరచుటకే గాని, పెంచుటకు గాదు. మన పెద్దలు కఫాలత్ అని పిలిచినదానికి ఈ చట్టము మిక్కిలి చేరువగా నున్నది. దత్తతయే కోరువారికి చట్టము అడ్డురాదని సుప్రీంకోర్టు 2014లో షబ్నం హష్మీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కోరనివారికి పోషక సంరక్షణ ఉండనే ఉన్నది.

పరదా మాటయో? అది నిజమైన ప్రశ్నయే, దానిని తోసిపుచ్చరాదు. ఎదిగిన పరాయి పిల్లవాడు ఆడపిల్లలున్న ఇంట ఎట్లు మెలగునని తల్లులు అడుగుదురు. ఏ ఇంటికి ఏ వయసు బిడ్డ, బాలుడా బాలికయా అనునది ముందే విచారించినచో ఈ చిక్కు చాలవరకు తీరును. మగపిల్లలే గల ఇంటికి మగపిల్లవానిని, పిల్లలు పెరిగి వెళ్లిపోయిన దంపతుల ఇంటికి బాలికను అప్పగింపుడని కోరవచ్చును గదా!

పరదా కంటె మమ్ము ఎక్కువ కలవరపెట్టు విషయము వేరొకటి కలదు. పిల్లను పెంచుకొనుచున్నాము అను మాటకు మన పట్టణములలో మరియొక అర్థము కూడ కలదు. పేదబంధువుల ఇంటినుండి పదేండ్ల పిల్లను తెచ్చి అంట్లు తోమింతురు; చంటిబిడ్డను ఎత్తింతురు. తమ బిడ్డ కాన్వెంటుకు, ఆ పిల్ల పెరటిలోనికి. పండుగకు పాత బట్టలిచ్చి పుణ్యము కట్టుకొంటిమందురు. ఇది పెంపకము కాదు. జీతము లేని చాకిరి. ఈ తీరున పెంచుటకంటె ఆశ్రమమే వేయిరెట్లు మేలు.

కావుననే చట్టములోని తనిఖీని మేము స్వాగతించుచున్నాము. బాలల సంక్షేమ సమితి పోషక కుటుంబమును నెలనెల పరిశీలింపవలెను. లోపము కనబడినచో బిడ్డను తీసికొనిపోవలెను. మంచి చేయుచుండగా మమ్ములను సోదా చేయుదురా అని కోపించువారు ఒక్క సంగతి తలపోయవలెను. అనాథ ఆస్తిని అతనికి అప్పగించునప్పుడు సాక్షులను ఉంచుకొనుమని ఖురాన్ నిసా అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆస్తికే సాక్షులు కావలసినప్పుడు, ఆ బిడ్డ బ్రతుకునకు సాక్షి అక్కరలేదా?

మరియొక కష్టము కలదు. పెంచిన బిడ్డను ఒకనాడు తిరిగి అప్పగింపవలసి రావచ్చును. గుండె కోతయే. కాని హలీమా చేసినదియు అదియే. పాలిచ్చి పెంచిన బిడ్డను ఆమె తల్లి ఆమినాకు మరల అప్పగించెను. బిడ్డ తనకు ఏమగునని గాక, బిడ్డకు తానేమి కాగలనని తలచువారికే ఈ పని సాధ్యము.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు రెండు. జిల్లా బాలల పరిరక్షణ విభాగపు అధికారులను ఈ ప్రాంగణమునకు ఆహ్వానించి, మన పేటల తలిదండ్రుల ఎదుట ఈ విధానమును తెలుగులోను ఉర్దూలోను వివరింపజేయుడు. అదియుగాక, పదునెనిమిది నిండగానే ఆశ్రమముల నుండి బయటకు వచ్చు యువతీయువకులకు ప్రతి సంవత్సరము కొన్ని సీట్లు రుసుము లేకుండ కేటాయింపుడు. ఆ వయసున మన పిల్లలకు ఇంటర్మీడియెటు పూర్తియైన సంబరము. వారికి తలదాచుకొను చోటు పోయిన దినము.

విద్యార్థినీ విద్యార్థులారా! పోషక తలిదండ్రులగు వయసు మీకింకను రాలేదు. కాని మీ వీధిలో ఏ ఇంట ఏ పిల్ల బడి మాని అంట్లు తోముచున్నదో మీకు తెలియును. 1098కి ఫోను చేయుటకు వయసు అడ్డురాదు. రేపు మీ ఇండ్లు మీరు కట్టుకొనునాడు, అందు ఒక గది మీకు పుట్టని బిడ్డకును చాలునా యని లెక్క చూచుకొనుడు.