ప్రసాదం కణమాత్రం, పథ్యం నిత్యవ్రతం

మధుమేహం కేవలం చక్కెరకు సంబంధించిన వ్యాధి అన్నది లోకంలో రూఢమైన భ్రాంతి. వాస్తవానికి మధుమేహగ్రస్తుల ప్రాణాలను అధికంగా హరించేది హృద్రోగం. రక్తంలో దీర్ఘకాలం నిలిచిన అధిక శర్కర రక్తనాళాల లోపలి పొరను క్షీణింపజేస్తుంది. దానికి చెడు కొవ్వు, రక్తపోటు తోడైతే నాళాలు సంకుచితమవుతాయి. నాడులు సైతం దెబ్బతిన్నవారిలో గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. భారతీయ వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం దేశంలో మధుమేహగ్రస్తులు సుమారు 10 కోట్ల మంది ఉన్నారని అంచనా వేసింది. కనుక ఇది ఏ ఒక్క గృహానికో పరిమితమైన చింత కాదు.

ఈ వ్యాధి పూర్వులకు అపరిచితం కాదు. చరకసంహిత ప్రమేహాలను 20 విధాలుగా విభజించింది. సుఖాసనం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మితిమీరడమే వాటికి హేతువులని చెప్పింది. పథ్యంలో యవలకు, అంటే బార్లీకి, అగ్రస్థానం ఇచ్చింది. బార్లీలోని పీచుపదార్థం కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని ఆధునిక వైద్యమూ అంగీకరిస్తున్నది.

ఇంతటి శాస్త్రం ఉండగా, "ప్రసాదం కదా, ఏమీ చేయదు" అనే మాట ఎలా ప్రబలింది? ప్రసాదమంటే భగవంతుని ప్రసన్నత. దానిని నిరాకరించకూడదన్న నియమం యుక్తమే. అయితే అనుగ్రహానికి తూకం లేదు. కన్నులకద్దుకుని స్వీకరించిన కణమాత్రమూ సంపూర్ణ ప్రసాదమే. దొన్నెనిండా చక్కెరపొంగలి భుజించి, ఆ భారాన్ని దైవంపై మోపడం భక్తి కాదు, జిహ్వాచాపల్యం. చక్కెరకు బదులు బెల్లమో తేనెయో వాడినంత మాత్రాన దోషం తొలగదు. రక్తంలో శర్కరను అవీ పెంచుతాయి.

ఉపవాసం విషయంలోనూ ఇదే వ్యత్యయం కనిపిస్తుంది. ఏకాదశినాడు అన్నం మాని ఉప్మా, పూరీ, సగ్గుబియ్యం వడలు ఆరగించడం ఆచారమైపోయింది. ఫలాహారమన్న పవిత్రపదం టిఫిన్‌కు పర్యాయపదంగా మారింది. సగ్గుబియ్యం దాదాపు కేవల పిండిపదార్థం. నూనెలో వేయిస్తే అది రోగికి ద్విగుణ భారం. మరికొందరు ఇన్సులిన్ తీసుకుంటూనే నిరాహారంగా ఉంటారు. వారికి శర్కర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఇంకొందరు వ్రతభంగభయంతో మందు మానేస్తారు. ఆ భయం నిరాధారం. వ్రతభంగం కలిగించనివిగా శాస్త్రం లెక్కించిన ఎనిమిదింటిలో ఔషధం ఒకటి. అతిగా భుజించేవానికీ, బొత్తిగా భుజించనివానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయం బోధిస్తున్నది. కనుక మధుమేహగ్రస్తుడు వైద్యుని సంప్రదించాకే ఉపవాసానికి సంకల్పించాలి.

అతనికి నిజమైన వ్రతం నిత్యపథ్యమే. విస్తరిలో తెల్లన్నం తగ్గాలి. పప్పుధాన్యాలు, ఆకుకూరలు, కాయగూరలు పెరగాలి. కొర్రలవంటి చిరుధాన్యాలను సైతం మితంగానే స్వీకరించాలి. నెయ్యి అభిఘారానికి చాలు. వనస్పతి సర్వథా వర్జ్యం. ఊరగాయలోని ఉప్పు రక్తపోటును పెంచుతుందని మరువరాదు. భోజనానంతరం కొంతసేపు నడక అవసరం. ఏడాదికొక ఏకాదశి నియమంకన్నా ఈ దైనందిన నిగ్రహం కష్టతరం. అందుకే అది తపస్సు.

దేవాలయాలకూ, గృహిణులకూ ఇందులో బాధ్యత ఉంది. శ్రీరామనవమి వడపప్పు, శ్రావణమాసపు శనగలు, నవరాత్రుల గుగ్గిళ్ళు సంప్రదాయసిద్ధమైన నైవేద్యాలే. మధుర నైవేద్యంతోపాటు వీటినీ నిత్యం నివేదించి పంచితే ఆచారానికి లోపం రాదు. తీపి ప్రసాదాన్ని చెంచాడు మాత్రమే ఇస్తే అపచారం కాదు. "ఇంకొంచెం తినండి" అని రోగిని బలవంతపెట్టడం మాత్రం ఆతిథ్యం అనిపించుకోదు. ధర్మసాధనకు శరీరమే తొలి ఉపకరణం. హృదయకుహరంలో పరమాత్మను ధ్యానించమని ఉపదేశించే సంప్రదాయంలో ఆ హృదయాన్ని కాపాడుకోవడమూ ఆరాధనలో భాగమే.