వంటింటి వాయువు
విజయనగర ప్రభువైన బుక్కరాయల పేరు వహించిన చెరువు చెంత వెలసిన అనంతపురపు బుక్కరాయసముద్రమున, ఏండ్ల తరబడి తుమ్మకంపయు, కందికట్టెయు, వేరుశనగ పొట్టును పొయ్యిలో పెట్టి, పొగకు కన్నులు నులుముకొనుచు వంట సాగించిన స్త్రీలకు, 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన దీపం పథకమును, 2016లో కేంద్రము తెచ్చిన ఉజ్జ్వలయు గ్యాసుబండను చేరువ చేసినవనుట నిర్వివాదము. అయితే ఆ బండలోని 14.2 కిలోల ఇంధనము ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమే గాని, కృష్ణా గోదావరి తీరమున భూగర్భము నుండి వెలువడు సహజవాయువు కాదు. సహజవాయువునందు ప్రధానమైన మీథేను గాలికంటె తేలికయగుటచే లీకైనచో పైకెగయును, బండలోని వాయువు గాలికంటె బరువగుటచే నేలబారున పరచుకొనును గనుక, వాసన వచ్చినంతనే తలుపులు తెరువవలెనే గాని దీపపు మీట తాకరాదు. ఆ మీథేనే పశువుల పేడనుండియు పుట్టునన్న సత్యమును మన ప్రణాళికాకర్తలు తగినంతగా ఆదరింపలేదని నా దృఢాభిప్రాయము. పేడను సమపాళ్ళలో నీటితో కలిపి గాలి చొరని తొట్టిలో నుంచినచో, సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొని వాయువు నిచ్చును; మిగిలిన మడ్డి ఎరువై చేనికి చేరును. కాని వానలు మొగము చాటువేసిన యేట, మేత లేక ఎద్దులను ఆవులను సంతకు తోలుకొనిపోవలసివచ్చిన రైతు ఇంట ఆ తొట్టియు ఎండిపోవును. ఈ సీమలో పశుగ్రాసము కరవైన, పొయ్యికిని కరవే. కావున బండకు రాయితీ నిచ్చు ప్రభుత్వము, అనంతపురపు కరవు మండలములలో పశుగ్రాసమునకును, గోబరుగ్యాసు తొట్ల మరమ్మతులకును గూడ ప్రత్యేక నిధులు కేటాయింపవలెను.