మన సంఘాల్లో కనబడని కుమార్తెలు

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు క్రైస్తవులం మనం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిశాక భాషలోనూ అల్పసంఖ్యాకులమయ్యాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మనలో దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా దక్కలేదు. మమ్మల్ని గుర్తించండి అని ఇన్నేళ్లుగా అడుగుతున్న మనం, మన మధ్యే ఉన్న ఒక దళిత స్త్రీ మరో స్త్రీని ప్రేమిస్తే ఆమెను గుర్తిస్తున్నామా?

అమెరికాలో నల్లజాతి స్త్రీలు ఈ బాధ ఎరుగుదురు. పౌర హక్కుల న్యాయవాది పౌలీ ముర్రే 1977లో ఎపిస్కోపల్ సంఘంలో గురువుగా అభిషేకం పొందిన తొలి నల్లజాతి మహిళ. స్త్రీలను ప్రేమించిన ముర్రే ఆ సంగతి బయటికి చెప్పుకోలేక ఎంతో మథనపడ్డారు. 1996లో షెరిల్ డన్యే తీసిన 'ది వాటర్‌మెలన్ వుమన్' సినిమాలో ఒక నల్లజాతి లెస్బియన్ యువతి, పాత సినిమాల్లో పేరు కూడా వేయని ఒక నల్లజాతి నటి ఆచూకీ వెదుకుతుంది. ఆ నటి కల్పిత పాత్ర. తమవంటి వారి చరిత్రను ఎవరూ భద్రపరచలేదు కనుక డన్యే దాన్ని కల్పించుకోవలసి వచ్చింది.

మన తెలుగు వార్తల్లో ఇద్దరు స్త్రీల ప్రేమ తరచుగా 'వింత'గానే కనిపిస్తుంది. 'స్వలింగ సంపర్కులు' అనే మాట మనిషిని ఒక్క శరీర సంబంధానికి కుదించేస్తుంది. ప్రేమ, తోడు, బాధ్యత ఆ మాటలో కనబడవు. తెరమీద నవ్వులాటగా, పత్రికలో నేరవార్తగా మాత్రమే తనను చూసుకునే అమ్మాయి తనను తాను ఎలా అంగీకరించుకుంటుంది?

మన రాష్ట్రంలో న్యాయస్థానం ముందడుగు వేసింది. మదురై నుంచి చెన్నై చేరిన ఇద్దరు యువతుల కేసులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం అర్థం చేసుకోవడానికి తానే మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చున్నారు. 2021 జూన్ 7న లైంగికతను 'మార్చే' చికిత్సలను నిషేధిస్తూ ఆదేశాలిచ్చారు. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి వారి గురించి వాడవలసిన గౌరవప్రదమైన పదాల పట్టికను గెజెట్‌లో ప్రచురించింది. 2025 మేలో వేలూరు జిల్లాకు సంబంధించిన కేసులో, పుట్టింటివారు నిర్బంధించిన 25 ఏళ్ల యువతికి అదే హైకోర్టు స్వేచ్ఛనిచ్చింది. కుటుంబం కట్టుకోవడానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని చెప్పింది.

కోర్టు నేర్చుకున్నది సంఘం నేర్చుకోకూడదా? నూనె రాసి దయ్యం వదిలించే ప్రార్థనలు, బలవంతపు ఉపవాసాలు, హడావిడి పెళ్లిళ్లు కూడా 'మార్చే' చికిత్సలే. వాటిని ప్రార్థన అని పిలిచినంత మాత్రాన గాయం తగ్గదు.

మేము కోరేది మూడు పనులు. సంఘకాపరులు అలాంటి ప్రార్థనలు మానాలి. యౌవనస్తుల కూడికల్లో, స్త్రీల సమాజాల్లో ఈ విషయం ఎగతాళి లేకుండా మాట్లాడాలి. ఇల్లు వదలవలసి వచ్చిన బిడ్డకు ఒక్క విశ్వాసి ఇల్లయినా తలుపు తీయాలి.

యజమానురాలు శ్రమపెడితే అరణ్యానికి పారిపోయిన దాసి హాగరును దేవుడు పేరుపెట్టి పిలిచాడు. ఆమె కూడా ఆయనకు ఒక పేరు పెట్టింది, తనను చూసే దేవుడని. ఆయన చూస్తున్న కుమార్తెను చూడకుండా మనం తల తిప్పుకుంటే, మన ఆరాధన ఎవరికి?