మంచినీళ్ళు తాగని మిషనరీలు

పోయిన ఆదివారం మా చర్చిలో మిషనరీ ఆదివారం జరిపారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ పెట్టుకుని "మిషనరీల జీవితాల నుండి విశ్వాస పాఠాలు" అని గంటంబావు చెప్పారు. స్లైడుకో దొర ఫొటో, దాని కింద ఒక పాఠం. హడ్సన్ టేలర్: త్యాగం. ఆడోనిరామ్ జడ్సన్: ఓర్పు. చివర్లో మన ఒంగోలు క్లౌ దొర: ఆత్మల పంట. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటు కదా. కానీ ఆ మధ్యాహ్నం నుంచి కడుపులో ఏదో తిప్పుతూనే ఉంది. బిర్యానీ వల్ల మాత్రం కాదు :)

ఇలాంటి ప్రసంగాలు సండేస్కూలు రోజుల నుంచీ వింటున్నాను. నా గొడవ ఆ ప్రసంగీకుడితో కాదు. పాపం ఆయన తనకి ఎవరో చెప్పిందే మాకు చెప్పారు. నా గొడవంతా ఈ కథల్ని మనం చెప్పుకునే పద్ధతితో. పరాయి దేశం వెళ్ళినవాడు అక్కడివాళ్ళకి ఏమిచ్చాడో లెక్కలేస్తాం. వాళ్ళ దగ్గర ఏం పుచ్చుకున్నాడో ఒక్కరం కూడా అడగం. అసలు పాఠం అక్కడే ఉందని నా వాదన.

ఆ మూడు స్లైడులే తీసుకుందాం.

హడ్సన్ టేలర్ 1854లో షాంఘై చేరాడు. మరుసటి ఏడు ఇంగ్లీషు కోటు తీసేసి చైనావాళ్ళ బట్టలు కట్టాడు, తల ముందు భాగం గొరిగించుకుని వెనక జడ వేసుకున్నాడు. షాంఘైలో ఉన్న తోటి తెల్లవాళ్ళు నవ్వారు, ఏవగించుకున్నారు. స్లైడు ఇంతవరకే చెప్పింది, కింద "త్యాగం" అని రాసింది. ఏం త్యాగం అండీ? చైనాలో చైనా బట్టలు కట్టడం త్యాగమైతే అక్కడి కోట్లమంది పుట్టుకతోనే త్యాగమూర్తులన్నమాట! టేలర్‌కి అర్థమైంది వేరు. తన కోటే జనానికి వింతగా ఉంది, వాళ్ళు మాట వినడం మానేసి బట్టలు చూస్తున్నారు. అంటే అడ్డం తన వైపు నుంచే ఉంది. తప్పు తన వైపు ఉందని ఒప్పుకోవడం త్యాగం కంటే కష్టం.

స్లైడులో లేని సంగతి ఇంకొకటి. 1900లో బాక్సర్ తిరుగుబాటు జరిగినప్పుడు టేలర్ పెట్టిన చైనా ఇన్‌లాండ్ మిషన్ వాళ్ళు 58 మంది పెద్దవాళ్ళు, 21 మంది పిల్లలు చనిపోయారు. తర్వాత విదేశీ ప్రభుత్వాలు చైనా నెత్తిన పెద్ద నష్టపరిహారం రుద్దాయి. టేలర్ మిషన్ మాత్రం ప్రాణాలకి గానీ, ఆస్తులకి గానీ పైసా పరిహారం వద్దంది. అంతకు ముందు మిషనరీలకి చైనా తలుపులు తెరిచిందే నల్లమందు యుద్ధాల తర్వాత రాసుకున్న ఒప్పందాలు. ఫిరంగి వెనకాల లోపలికి వెళ్ళినవాళ్ళు ఆ ఫిరంగి తెచ్చిన డబ్బు మాకొద్దు అనడం... ఇదీ విశ్వాస పాఠమంటే. జడ ఫొటో చూపించినంత తేలిక కాదు కాబట్టి ఎవరూ చూపించరు.

ఇక జడ్సన్. 1813లో రంగూన్ చేరాడు, మొదటి బర్మా మనిషికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. ఆరేళ్ళు! "చూశారా ఓర్పు" అన్నారు ప్రసంగీకుడు. సరే, మరి ఆ ఆరేళ్ళు ఏం చేశాడు? బర్మా భాష నేర్చుకున్నాడు, పాళీ నేర్చుకున్నాడు. 1819లో దారి పక్కన "జయాత్" ఒకటి కట్టాడు. జయాత్ అంటే బాటసారులు ఆగి, కూర్చుని, ముచ్చట్లు చెప్పుకునే చావడి, బర్మావాళ్ళకి తరతరాలుగా ఉన్నదే. కుర్చీ బల్ల వదిలి ఆ చావడిలో వాళ్ళలాగే కింద కూర్చున్నాడు. ఆ ఏడు జూన్‌లోనే మొదటి బాప్తిస్మం. ఆరేళ్ళ ఓర్పు గురించి గంట చెప్పే మనం, ఆ చావడి గురించి ఒక్క నిమిషం చెప్పం.

1824లో ఇంగ్లీషువాళ్ళకీ బర్మాకీ యుద్ధం వస్తే జడ్సన్‌ని గూఢచారి అనుమానంతో ఆవాలో జైల్లో వేశారు. దాదాపు ఏడాదిన్నర సంకెళ్ళు. ఆయన అనువాదం చేసిన బైబిలు కాగితాల్ని ఒక దిండులో కుట్టి జైల్లో పెట్టుకున్నాడు. ఖైదీల్ని అక్కడి నుంచి తరలించినప్పుడు ఆ దిండుని పనికిరానిదని పారేస్తే, ఏరి దాచిపెట్టింది మాంగ్ ఇంగ్ అనే బర్మా శిష్యుడు. తన దొర గుర్తుగా ఉంటుందని తీసుకెళ్ళాడు, లోపల ఏముందో తెలియకుండానే. బర్మావాళ్ళకి బైబిలు ఇచ్చింది జడ్సన్ అంటాం. జడ్సన్‌కి ఆ బైబిలు తిరిగి ఇచ్చింది ఎవరు మరి?

ఇప్పుడు మన ఇంటికొద్దాం. మాది ప్రకాశం జిల్లా. మా ఇంట్లో గోడ మీద యేసుప్రభువు పక్కన క్లౌ దొర ఫొటో ఉండేది. జాన్ ఎవరెట్ క్లౌ, అమెరికావాడు. 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు అక్కడ భూములు కొలిచే సర్వేయరు, అంటే దగ్గరదగ్గర మన ఇంజనీర్ల జాతే. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. స్లైడు మీద ఎర్ర అక్షరాలతో పడింది ఆ అంకె ఒక్కటే.

పడని పేరు ఒకటుంది. యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. క్రైస్తవుడు కాకముందే యోగ గురువుల వెంట తిరిగి దేవుణ్ణి వెతుక్కున్న మనిషి. దొర ఒంగోలు రాకముందే ఆయనకి సువార్త తెలుసు, దొర పిలవకముందే తన పల్లెల్లో చెప్పడం మొదలెట్టాడు. తనే ఒంగోలు వచ్చి దొరని తాళ్ళకొండపాడు పిలుచుకెళ్ళాడు. 1867 జనవరిలో దొర అక్కడికి వెళ్ళేసరికి జనం సిద్ధంగా ఉన్నారు, 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడ మిషనరీ ఎవరండీ? పరాయి సంస్కృతిలోకి అడుగు పెట్టింది దొరే, కానీ దారి చూపించింది చెప్పులు కుట్టే కులంవాడు.

ఒంగోల్లో పెద్ద కులాలవాళ్ళు కొందరు "మేం చేరతాం గానీ, మాదిగల్ని చేర్చుకుంటే మాత్రం రాం" అన్నారు. దొరకి ఎంత ఆశగా ఉండుంటుందో ఆలోచించండి. ఆయన, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో ఒకే చోటు వచ్చిందట. దేవుడు లోకం లెక్కలో నీచులైనవాళ్ళని ఎన్నుకున్నాడని పౌలు చెప్పే చోటు. దొర మాదిగలతోనే ఉండిపోయాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కానీ తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, అందుకోసం ఎవరూ రాకూడదని, ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. ఆ 2,222 వెనక ఉన్న పాఠం ఈ ఆపడం. మనకేమో అంకె కావాలి, ఆపడం అక్కర్లేదు.

ఇంత కోపం నాకెందుకంటే... దానికి మా నానమ్మ గురించి చెప్పాలి. మాది మాదిగపల్లె. ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళు ఓట్లకి, పనులకి మా గడప దాకా వచ్చేవాళ్ళు. అరుగు మీద కూర్చునేవాళ్ళు కూడా. మంచినీళ్ళు మాత్రం తాగేవాళ్ళు కాదు. "ఇప్పుడే తాగొచ్చాం" అనేవాళ్ళు. అందుకే మా నానమ్మ దగ్గర మనుషుల్ని తూచే తక్కెడ ఒకటే. ఎవరి గురించి ఎంత గొప్పగా చెప్పినా చివరికి అడిగేది: "మనింట్లో మంచినీళ్ళు తాగాడంట్రా?" తాగితే మనిషి. లేదంటే ఆఫీసరైనా, పాస్టరైనా ఆమె లెక్కలో సున్నా.

ఇప్పుడు నా సంగతి వినండి. మూడేళ్ళ క్రితం మా చర్చి యువకులం పన్నెండు మందిమి పాడేరు దాటి లోపలున్న ఒక గిరిజన గ్రామానికి "మిషన్ ట్రిప్" వెళ్ళాం. నాలుగు రోజులు. దాదాపు అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. కీబోర్డు, జనరేటర్, దుప్పట్లు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు. వాళ్ళ భాషలో మాకు ఒక్క ముక్క రాదు, అక్కడి పాస్టరుగారు తెలుగు నుంచి మార్చి చెప్పేవారు. పిల్లలకి హైదరాబాదు పాటలు నేర్పాం. సాయంత్రం వాళ్ళు డోలు తీస్తే మాలో ఒకాయన "అవి పాత జీవితానివి, వదిలెయ్యండి" అని హితబోధ చేశాడు. మేం ఎవ్వరం నోరు మెదపలేదు.

రెండో రోజు ఒక ముసలావిడ ఇంటికి ప్రార్థనకి వెళ్ళాం. మాకోసం చోడి అంబలి కాచిపెట్టింది. గ్లాసులు కడిగి వరసగా పెట్టి "తాగు బాబూ" అంది. మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నేనే అన్నాను, "ఇప్పుడే తాగొచ్చాం అవ్వా" అని.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా. ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసులు ఒక్కొక్కటే లోపలికి తీసుకెళ్ళింది. మేం ఆవిడ కోసం ప్రార్థన చేసి వచ్చేశాం. రిపోర్టులో "18 గృహాలు దర్శించాం" అని రాశాం. తిరిగొచ్చాక ఆ ఫొటోలు చర్చిలో వేస్తే చప్పట్లు కొట్టారు. నానమ్మ అప్పటికి లేదు. ఉండుంటే ఒక్కటే అడిగేది, నా దగ్గర జవాబు ఉండేది కాదు.

అప్పట్నుంచి సువార్తలు చదువుతుంటే కొన్ని చోట్లు వేరేగా కనబడుతున్నాయి. యేసు శిష్యుల్ని పంపేటప్పుడు సంచి వద్దు, డబ్బు వద్దు, వెళ్ళిన ఇంట్లో ఏది పెడితే అది తినండి అని చెప్పి పంపాడు. చిన్నప్పుడు ఇది పొదుపు పాఠం అనుకునేవాణ్ణి. కాదు, చేతిలో ఏమీ లేనివాడు ఎదుటివాడి గడప దగ్గర తల వంచాల్సిందే. అలా వంచాలనే ఆ ఏర్పాటు. సమరయ స్త్రీ సంగతే చూడండి. యూదులు వాళ్ళ గిన్నెలు ముట్టని రోజుల్లో యేసు ఆవిడతో మొట్టమొదట మాట్లాడింది పాపం గురించి కాదు, పరలోకం గురించీ కాదు. దాహంగా ఉంది, నీళ్ళు ఇమ్మన్నాడు. మా నానమ్మ తక్కెడలో నెగ్గిన మొదటి మిషనరీ ఆయనే.

దీనికి జవాబులు నాకు తెలుసు. "బాబూ, నువ్వు సేవకుల్ని తప్పుపడుతున్నావు, వాళ్ళ ఉద్దేశం మంచిది" అంటారు. ఉద్దేశం మంచిదే అయ్యగారూ, నాదీ మంచిదే, అంబలి మాత్రం తాగలేదు. "పరిశుభ్రత, ఆరోగ్యం చూసుకోవద్దా?" అంటారు. కాచిన అంబలి అది. మనం రోడ్డు పక్కన పానీపూరి తింటాం. క్లయింట్ ఆఫీసులో ఒక్కరోజు కూర్చోకుండా రిక్వైర్‌మెంట్లు రాసేవాణ్ణి మన ఆఫీసుల్లో ఎంత ఎగతాళి చేస్తాం? నాలుగు రోజుల్లో ఒక జాతి ఆత్మకేం కావాలో రాసేసే మనల్ని ఏమనాలి?

రెండో వైపు నుంచి ఇంకో బ్యాచి వస్తుంది. "చూశారా, వాళ్ళే ఒప్పుకుంటున్నారు, మిషనరీలంటే ఇంతే" అని చంకలు గుద్దుకుంటారు. అయ్యా, కాస్త ఆగండి. 1867లో మా వాళ్ళ పల్లెలోకి వచ్చి కూర్చోవడానికి ఏడు సముద్రాలు దాటినవాడు ఒకడు దొరికాడు. వీధి దాటి వచ్చినవాళ్ళు ఎంతమంది? నా విమర్శ మా ఇంటివాళ్ళతో, ఇంట్లో కూర్చుని చేసుకుంటున్నది. మీ చేతికి కర్రలా ఇస్తున్నది కాదు. ఇంకోమాట. మా ఇల్లేం బంగారం కాదు. మాల చర్చి, మాదిగ చర్చి అని విడిగా కూర్చునే సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి, కులం చూసి సంబంధాలు కలుపుకునే ఆమెన్‌లు కూడా ఉన్నాయి. పెద్ద కులాలవాళ్ళకి దొర కాదన్న షరతుని దొర మనవలం మళ్ళీ మనమే పెడుతున్నాం.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. టీమును పంపేముందు కనీసం పలకరింపులైనా వాళ్ళ భాషలో నేర్పండి. కీబోర్డు ఇక్కడే వదిలేసి వాళ్ళ డోలుతో పాడండి. మనం వెళ్ళి చెప్పడం ఒక ఏడాది ఆపి, అక్కడి విశ్వాసుల్ని మన పుల్‌పిట్ మీదకి పిలిచి చెప్పించుకోండి. వచ్చే మిషనరీ ఆదివారం క్లౌ దొర పక్కన పేరయ్య పేరు వెయ్యండి. ఫొటో దొరక్కపోతే ఉత్త పేరైనా వెయ్యండి.

ఈ డిసెంబరులో టీము మళ్ళీ అదే గ్రామానికి వెళ్తోందట. నిన్న అయ్యగారికి ఫోన్ చేసి నా పేరు రాయమన్నాను. ప్రసంగం, పాటలు నాకు వద్దని కూడా చెప్పాను. ముందు ఆ అవ్వ ఇంటికి వెళ్ళాలి. ఉందో లేదో తెలియదు. ఉంటే అంబలి నేనే అడుగుతాను.